ఇసకలో బంతి దొర్లింది

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు ఆడించిన మన అబుదాబి ముసఫ్ఫా లేబర్ క్యాంపు ఫుట్‌బాల్ జట్టు ఇవాళే కప్పు కొట్టింది!

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఆడిన ఆ స్కాట్లాండ్ పొట్టాయన బొగ్గుగనిలోంచి వచ్చి, బంతిని నేల మీదే నడిపించి, దేశం జెర్సీ తొడిగాడని ఎన్నిసార్లు చెప్పావో! "ఆయనకి వానుంది గురూ, మన ఇసకలో బంతి దొర్లదు" అని వెల్డర్ సత్తిబాబు నవ్వేవాడు.

అందుకే వారమంతా గదుల ఏసీల కింద డబ్బాలు పెట్టి, పట్టిన నీళ్లతో పొద్దున్నే గ్రౌండు తడిపాం. అవతలోళ్లు ఆరడుగులోళ్లు. బంతి వాళ్ల కాళ్ల సందుల్లోంచే పోయింది. ఆఖరి గోలు కొట్టి సత్తిబాబు, "యల్లా, పదండ్రా, గురువుకి చెప్పండ్రా, దొర్లింది!" అని అరిచాడు.

వాడు ఆడింది నీ బూట్లతోనే, పెద్దవైతే వేళ్ల దగ్గర గుడ్డ కుక్కుకుని. వాటిని ఎవర్నీ కడగనివ్వలేదు నేను. బురద బావా, ముసఫ్ఫాలో బురద!