అద్దంలాంటి కన్ను

మంగళవారం, ఫిబ్రవరి 2003

నాకు చూపున్నది ఒక్క కంటికే. అదీ ఎవరో పోతూ ఇచ్చిన కంటిపొరతో వచ్చింది. ఆ కంట్లో నీటికాసులు, అదే గ్లకోమా, మొదలయ్యాయని ఇవాళ గుంటూరులో డాక్టరు గారు చెప్పారు. పొరను కాపాడే చుక్కలమందే లోపల ఒత్తిడి పెంచుతోందట. మానేస్తే పొర మసకబారుతుంది, వేస్తుంటే నరం దెబ్బతింటుంది. "చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుందండి, పోయింది తిరిగి రాదు" అన్నారు. ఒత్తిడి తగ్గడానికి ఇంకో మందు రాశారు గానీ గట్టిగా మాట ఇవ్వలేదు.

రేపేమో మా ఊళ్లో నేత్రదానం సభ. వేదికెక్కి ఈ కన్ను చూపించాల్సింది నేనే. ఉన్నది చెబితే ఒక్కడూ ముందుకు రాడు. చెప్పకపోతే, మరి నేను...

సాయంత్రం మా మిరప కళ్లంలో కూలికొచ్చి, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న రవణమ్మ బుట్టని తన్నేశాను. పక్కనే ఉన్నా కనపడలేదు. తిడుతుందనుకుంటే, లేచొచ్చి నా కంట్లోకి తేరిపార చూసింది.

"అద్దంలా ఉందన్నయ్యా. నేను పోయాక నా కళ్లూ ఇచ్చేస్తా. రేపు మొదటి వేలిముద్ర నాదే."

సరేనన్నాను. ఆమె మళ్లీ నా పక్కనే కూర్చుని మిరపకాయలు ఏరుకుంది. మెడ తిప్పితే గానీ కనపడదు. నేను తిప్పలేదు.