ఫోన్‌కు నువ్వు నేర్పిన మాట

యాకూబ్,

నువ్వు పోయి ఏడాదైంది. నీ ఫోన్ ఇప్పుడు నేనే వాడుతున్నాను.

"వచ్చిండు" అని నువ్వు కొడితే అది "వచ్చాడు" అని దిద్దేది. "దీనికి గూడ మన మాట పనికిరాదారా?" అని తిడుతూ, చెరిపి మళ్లీ మళ్లీ కొట్టి, నువ్వు దాన్ని దారికి తెచ్చావు. నీ మెసేజ్‌లను దిద్ది తిరిగి పంపిన ఆ రిటైర్డ్ లెక్చరర్‌ను మాత్రం దారికి తేలేకపోయావు. ఆయన బతికే ఉన్నాడు. అలాంటివాళ్లకు ఆయుష్షు ఎక్కువ.

కొన్నాళ్లుగా ఫోన్ అప్‌డేట్ అడుగుతోంది. చేస్తే నువ్వు నేర్పిందంతా మరిచిపోతుందని భయపడి వాయిదా వేస్తూ వచ్చాను. నిన్న నీ బిడ్డ షాహీన్ కసిరింది.

"గింత పరేషాన్ ఎందుకు చాచా? గన్ని పుస్తకాలు నమిలినవ్, ఒక్క బటన్ నొక్కరాదా?"

నొక్కాను. తెర చాలాసేపు నల్లగా ఉండి వెలిగింది. "వచ్చి" వరకే కొట్టాను. "వచ్చిండు" అని అదే అందించింది. ఏదీ మరిచిపోలేదు!

"జర మెల్లగ నవ్వు చాచా, వాడకట్టంత ఉరికొస్తది" అంది షాహీన్.

నవ్వుతూనే ఆ లెక్చరర్‌కు మెసేజ్ పెట్టాను: "యాకూబ్ గెలిచిండు."