నాలుగో పొర లేని ఫొటో

ఏప్రిల్ 8

మొక్పో పట్నంలో నా పెళ్లి ఫొటోల స్టూడియో మూసేసి ఏడు నెలలు. పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు లేరు. ముసలివాళ్లు మాత్రం కావలసినంత మంది. అందుకే ఈ లంక ఊళ్లో ఆయుష్షు ఫొటోలు తీయడానికి ఒప్పుకున్నాను. రేపు శవం ముందు పెట్టే ఫొటో బతికుండగానే తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని మావాళ్ల నమ్మకం. కార్డు సైజు ప్రింటు అక్కడికక్కడే చేతికి, పెద్దది తర్వాత పోస్టులో. చిన్న ప్రింటర్, బ్యాటరీలు, మా కొరియావాళ్లు పండగలకు తొడిగే హన్‌బొక్‌లో గులాబీ రంగు పైచొక్కా ఒకటి సర్దుకున్నాను.

ఏప్రిల్ 9

ఊరి సావిట్లో మధ్యాహ్నానికి పద్దెనిమిది మంది అయ్యారు. పైన అందరికీ అదే గులాబీ చొక్కా, కింద పొలం ప్యాంట్లు. నా ప్రింటర్‌లో కాగితం నాలుగుసార్లు లోపలికి వెళ్లి వస్తుంది. పసుపు, ఎరుపు, నీలం, చివర రంగు నిలవడానికి ఒక పారదర్శకపు పొర. మొదటిసారి బయటికి రాగానే ప్రతి అవ్వా తనకు పచ్చకామెర్లు వచ్చాయంటుంది. నాలుగోసారికి ఇంత ముసలిదాన్ని చేశావేమని నన్ను తిడుతుంది.

మిగిలింది ఒక్క గుమ్నే అవ్వ. ఎనభై ఆరేళ్లు. మూల కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ నాకొద్దంది. కిందటేడు పక్కింటామె పోతే గుర్తింపు కార్డు ఫొటోనే పెద్దది చేసి పెట్టారట, వచ్చినవాళ్లు ఎవరి చావుకు వచ్చామో తెలియక తికమకపడ్డారట. ఈమెకూ అదే గతి పడుతుందని ఊరిపెద్ద బెంగ.

సాయంత్రం

అవ్వను ఇంటిదాకా దిగబెట్టాను. అప్పుడు చెప్పింది. భర్త ఇరవై తొమ్మిదేళ్లకే సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు. ఒక్క ఫొటో కూడా లేదు. తను పోయిన రోజు తీసుకెళ్లడానికి ఆయన వస్తాడు కదా, శవం ముందు బల్ల మీద తన ఫొటో చూస్తాడు కదా.

"చూసి, 'అవ్వా, మా ఆవిడ ఇంట్లో ఉందా' అని నన్నే అడుగుతాడు, అమ్మాయ్."

నవ్వాను. నవ్వినందుకు సిగ్గుపడ్డాను. కంప్యూటర్‌లో ముడతలు తీసేస్తానన్నాను. రేపు ఆ ఫొటో దాచుకునే తన కూతురికి అబద్ధపు మొహం ఇవ్వనంది.

ఏప్రిల్ 10

పదకొండుకు నా పడవ. తొమ్మిదికి అవ్వ తనే వచ్చింది. కూతురి కోసం తియ్యమంది, ఆయన సంగతి తను చూసుకుంటుందట. గులాబీ చొక్కా తొడిగి తీశాను. ప్రింటర్ నుంచి పసుపు మొహం బయటికి రాగానే, నేను వద్దనేలోపు, కాగితం లాగేసింది.

లోపల ఏదో కరకరమంది. ఎర్ర లైటు. ఉన్నది ఒక్కటే ప్రింటర్. కేకలేశాను. ఎనభై ఆరేళ్ల మనిషి మీద కేకలేశాను, రాయక తప్పదు.

ఆమె వినలేదు. కాగితాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూస్తోంది. పసుపొక్కటే పడితే ముడతలు కనిపించవు. మచ్చలు లేవు. రెండు కళ్లు, ముక్కు, నడిమి పాపిట, అంతే.

"ఇదిగో," అంది మెల్లగా. "ఈ పిల్లయితే ఆయనకి తెలుసు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె తలపిన్నుతోనే ప్రింటర్ విప్పి, చిరిగిన రంగుల రిబ్బన్‌కు టేపు వేసి మళ్లీ ప్రింటు తీశాను. ముడతలన్నీ ఉన్నది కూతురికి. పసుపుది ఆయనకి. నాలుగో పొర లేదు, ఎండ తగలనివ్వొద్దని చెప్పాను. తలూపింది కానీ విన్నట్టు లేదు.

పడవ వెళ్లిపోయింది. ఊరిపెద్ద ఇంట్లో చేపల పులుసు రెండు గిన్నెలు తాగాను.

ఏప్రిల్ 11

పక్క లంకల నుంచి మూడు ఫోన్లు. రిబ్బన్లు ఆర్డర్ పెట్టాలి.

అక్టోబర్ 14

గుమ్నే అవ్వ ఫోన్ చేసింది. పసుపు ఫొటోను సముద్రం వైపు కిటికీలోనే పెట్టిందట. ఇప్పుడు మొహం లేదు, తెల్ల కాగితం మిగిలింది. రేపే వచ్చి ఇంకోటి తీస్తానన్నాను.

"ఎందుకూ? ఆయన వచ్చి ఫొటో పట్టుకుపోయాడు. నన్ను ఉండమన్నాడు. వెల్లుల్లి నాటాలి, ఫోన్ పెట్టేస్తున్నా."