మర్రిపాడు ఎత్తులో ఆగని కారు

నాయనా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ నీ కారు రేడియేటరుకు కరెంటు ఫ్యాను బిగించాను. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వైరు లాగి, స్విచ్చి నీ స్టీరింగు పక్కనే పెట్టాను.

మొదట అది ఎదురు దిశలో తిరిగి, గాలిని లోపలికి లాగే బదులు బయటికి ఊదింది. మన పాత కారుకు బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉంటుందని నువ్వు చెప్పిందే మరిచి, కొత్త కార్ల లెక్కన ఫ్యాను మైనస్సు వైరును బాడీకి కలిపాను. వైర్లు మార్చి రేడియేటరు ముందు కాగితం పట్టాను. టక్కున అతుక్కుంది.

సాయంత్రం అమ్మను ఎక్కించుకుని ఆత్మకూరు నుంచి బయలుదేరాను. పాత అలవాటుకొద్దీ చిన్న బిందెతో నీళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మర్రిపాడు దాటాక, నువ్వెప్పుడూ బానెట్టు తెరిచి నీళ్లు పోసే ఎత్తు వచ్చింది. అమ్మ చెయ్యి తలుపు మీదికి పోయింది.

"ఆపమే, కాగిపోతాది."

"కాగలేదుమా. వేడి చూపే ముల్లు చూడు, మధ్యలోనే ఉండాది."

ఫ్యాను చప్పుడు వింటూ ఎత్తంతా ఎక్కేశాం. పైకొచ్చాక అమ్మ బిందె మూత తీసింది.

"ఇన్నేళ్లూ ఈ కారుకు పోసేదానికే మోసినాను. ఇయాల నేను తాగతా," అని బిందె ఎత్తింది.