చీటీ అంటించిన మాత్రల సీసా

అక్కా, పదేళ్లనాటి నా కీళ్లవాతం తప్ప ఇక్కడందరం బాగానే ఉన్నాం.

పోయినసారి నా జన్యువుల్లో తేడా ఉందని రాస్తే, "ఆ తేడా మాకెప్పుడో తెలుసు" అని జవాబు రాశావు. అప్పుడు నవ్వాను గానీ ఇప్పుడు నవ్వు రావడంలేదు. తిన్న ఫోలిక్ ఆసిడ్ అనే విటమిన్‌ను ఒంటికి పనికొచ్చేలా మార్చే మెథిలేషన్ అనే పని నాకు పుట్టుకతోనే సగం సాగుతుందట. అందుకని కీళ్లమందుతోబాటు వేసుకోవడానికి, ఆ విటమిన్‌నే ముందుగా మార్చిపెట్టిన మాత్రలు మా డాక్టరమ్మ ఎక్కణ్ణుంచో తెప్పించింది. మా కుట్టుకొట్లో కాజాలు కుట్టే ఆయన బలానికని వాటిని రోజూ నొక్కేస్తుంటే, సీసామీద "సుఖవిరేచనానికి" అని చీటీ అంటించాను. ఇంట్లో అది చూసిన నీ మరదలు, "ఈసారి ఎవరి కొంప ముంచుదామని?" అంటూ మాత్రలన్నీ కాలవలో పోసింది. మళ్లీ రావడానికి మూడు వారాలు పడుతుంది, అవి లేకుండా కీళ్లమందూ వేసుకోకూడదట. కత్తెర పట్టబోతే వేళ్లు వంగడంలేదు.

డాక్టరమ్మ నన్ను కడిగేసి, "ఈ జన్యువు తేడా తోబుట్టువులకీ ఉండొచ్చయ్యా" అంది. నీ అరికాళ్ల తిమ్మిర్లు, మధ్యాహ్నానికే కూలబడటం చెప్పాను. వెంటనే రక్తపరీక్ష చేయించమంది. ఇన్నాళ్లూ దాన్ని బద్ధకమని వెక్కిరించింది నేనే.

నువ్వు నమ్మవని ఈ కార్డుమీద ఆవిడచేతే సంతకం పెట్టించాను. "ఇదీ నువ్వే గిలికావంటుంది మీ అక్క" అని ఫోన్ నంబరు కూడా వేసింది. చేసి కనుక్కో.

మిషను బెల్టు మార్చావా? పిల్లదాని గౌను కొలతలు పంపు. బావకు నమస్కారాలు.

ఈ వారంలోనే రక్తమివ్వక్కా. ఏడిపించడానికి నాకున్నది నువ్వొక్కదానివే.

నీ తమ్ముడు