కిటికీ గట్టు మీద చెయ్యి

పీలమేడు,
14 మే 1967, ఆదివారం.

నా రామాయక్కకు,

ఈ రోజు మొదటి వింత చెప్పాకే తక్కిన కబుర్లు. పొద్దున మేట్టుపాళయం కూరగాయల మండీ యజమాని కృష్ణసామి గారు మద్రాసు విమానానికి వచ్చారు. ఇక్కడ మూటలతో పాటు మనుషులనూ తూచాకే ఎక్కిస్తారని తెలిసి కాటా పక్కన మొండికేశారు. "ముప్పై ఏండ్లు ఊరంతటినీ తూచినోణ్ణి అమ్మణ్ణీ, నన్ను తూస్తారా? సెరి, తూచండి. తరుగు మాత్రం తీయకూడదు!" అన్నారు. నవ్వు ఆపుకోలేక బల్ల కింద పెన్ను వెతుకుతున్నట్టు నటించాను.

నాకు విమానాశ్రయంలో ఏం పని అని కదా అడిగావు. విచారణ కిటికీ దగ్గర కూర్చునే ఆమె కాన్పుకు వెళ్ళింది. కొన్నాళ్ళకు మనిషి కావాలని ఇక్కడి అధికారి జగన్నాథన్ సార్ కాలేజీకి కబురు పెడితే, పి.యు.సి. పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నన్ను పంపారు. వచ్చేవాళ్ళు అడిగేవి వింటే నీకూ ఇక్కడే కూర్చోవాలనిపిస్తుంది. మబ్బులో పోతే బట్టలు తడుస్తాయా? పెరుగన్నం పైన పులుస్తుందా? దిండిగల్ మీదుగా పోతే అక్కడ ఒక నిమిషం దించుతారా? నవ్వొస్తుంది గాని, ఒక్కొక్క ప్రశ్న వెనక ఒక మనిషి గుండె కొట్టుకుంటూ ఉంటుంది. ఎదురుచూపు అన్న మాటను నేను ఎన్నిసార్లో రాశాను. బయట విమానం దిగే చోటి పక్కన వెదురు తడిక దగ్గర మెడలు చాచి నిలబడినవాళ్ళను చూశాకే దాని ముఖం తెలిసింది.

మన నూలు మిల్లువాళ్ళు వచ్చినప్పుడు ఇంకా తమాషా. స్పిన్నింగ్ షెడ్డు హోరులో చేతులతో మాట్లాడుకునే అలవాటు కదా, ఇక్కడ విమానం ఇంజను మొదలైతే చాలు, వాళ్ళకు తెలియకుండానే నోరు మూసుకుని చేతులెత్తుతారు. జగన్నాథన్ సార్ మొదటి రోజు, "పాపం, ఇంతమంది మూగవాళ్ళా ఈ ఊళ్ళో?" అన్నారు. నాకు ఆ సైగలన్నీ వచ్చు. షిఫ్టు దిగి వచ్చి, అరిచి అరిచి గొంతు పోయిన నాయన మనకు సైగతోనే కదా అన్నం వడ్డించమనేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. నాయన వచ్చే నెల మిల్లు నుంచి దిగిపోతున్నాడు. దిగిపోయేవాడి చోటు అతని బిడ్డకు ఇచ్చే వాడుక ఉంది కాబట్టి దాన్ని నాకు రాయించాలని ఆయన పట్టుదల. నేను పోనక్కా. ఆ కాన్పుకు వెళ్ళినామె తిరిగి రావడం లేదట. నన్నే ఉండమని, బి.ఎ. ఇంటి దగ్గరే చదివి పరీక్షకు కట్టుకోమని సార్ అన్నారు. ఉంటానని చెప్పేశాను. నాయనకు ఇంకా చెప్పలేదు. ఊరికే కదిపి చూశాను. ఆయన అన్న మాట ముల్లులా గుచ్చుకుని ఉంది. "పోయేవాళ్ళకు దారి చెప్పేది ఒక పనా అమ్మణ్ణీ? నూలు తీస్తే కండె మీద నూలు నిలుస్తాది. నువ్వు చెప్పిన మాట గాలిలో పోతాది. ఏముండాది నిలిచేదానికి?"

మాటలంటే నాకు ప్రాణమని నీకు తెలుసు, నువ్వే చెప్పు: మాటలో నిలిచేది ఏమీ లేదా? నీకేమైనా తోస్తే రాయి.

నీ చెల్లెలు,
రాసాత్తి

పీలమేడు,
28 మే 1967, ఆదివారం.

అక్కా,

నీ ఉత్తరం అందింది. బావ పనిచేసే, తాళాలు తయారుచేసే పట్టడ మూతపడిందని, మిల్లులో ఏ పని ఉన్నా వస్తానని రాశావు. నా ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేదు. కోపం లేదు, ఇల్లు గడవనప్పుడు మాటల గురించి ఎవరు ఆలోచిస్తారు? అయినా నాయన ముందు నీ పేరు ఎత్తాను. "పెండ్లి కట్టి ఇచ్చిన బిడ్డను మిల్లు వాళ్ళు ఒప్పుకుంటారా? చోటు నీదే" అని తేల్చేశాడు. అప్పుడిక దాచలేక నేను విమానాశ్రయంలోనే ఉంటానన్న సంగతి చెప్పేశాను. ఆ పూట నుంచి నాతో మాట్లాడలేదు. కంచం ముందు కూర్చుని, షిఫ్టు లేని రోజు కూడా చేతితోనే చాలు అనేవాడు.

ఈ మధ్యాహ్నం జరిగింది విను. వీరాయి అని ఒక ముసలామె. మద్రాసులో కంటి ఆపరేషనుకు కూతుర్ని విమానంలో పంపుతోంది. పిల్లకు ఒక కన్ను అప్పటికే పోయింది. ఇంజన్లు మొదలయ్యాయి. వీరాయమ్మ కిటికీ కమ్ములు పట్టుకుని అరుస్తోంది, ఒక్క ముక్క వినబడదు. ఆమె పెదవులు చూస్తే తెలిసింది: నా బిడ్డ ఎక్కిందా? పక్కన ఎవరైనా ఉన్నారా?

ఒకామె ఆ పిల్ల చెయ్యి పట్టుకుని విమానం ఎక్కించడం నేను చూశాను. లేచి నిలబడి చేతులెత్తాను. ఎక్కింది. కూర్చుంది. పక్కన ఆడమనిషి ఉంది. భయం లేదు. ఆమె నన్ను తేరిపార చూసి, తన చేతులూ ఎత్తింది. ఏ కాలంలోనో మిల్లులో నూలు చుట్టే రీలింగులో పనిచేసి ఉంటుంది. చెయ్యి పట్టుకున్నారా? పట్టుకున్నారు. దిగగానే కబురు వస్తుందా? వస్తుంది, నేనే చెప్తాను. విమానం పైకి లేచేదాకా అలా అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. హోరు పోయాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "నీ నోరు చల్లగుండా కణ్ణూ" అంది. నేను నోరే విప్పలేదు!

ఆమె పక్కకు జరిగితే, వెనక నాయన.

సెలవు రోజు తువ్వాలు, ఉతికిన చొక్కా. ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో. మాట్లాడకుండా చేత్తోనే అడిగాడు: రోజూ ఇదేనా? నేనూ చేత్తోనే అన్నాను: రోజూ ఇదే.

మిల్లులో షిఫ్టు మారేటప్పుడు ఏం చేస్తారో నీకూ తెలుసు. దిగేవాడు తాను నూలు తీసే ఫ్రేము మీద అరచెయ్యి ఆనించి, కళ్ళకద్దుకుని, అప్పుడే వచ్చినవాడికి దారి ఇస్తాడు. ఆ తర్వాత ఆ ఫ్రేములో దారం తెగినా అతను వెనక్కి తిరగడు. నాయన నా కిటికీ గట్టు మీద అరచెయ్యి ఆనించాడు. కళ్ళకద్దుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

జగన్నాథన్ సార్ మెల్లగా, "ఎవరమ్మా, మూగాయనా?" అన్నారు.

"కాదు సార్, మా నాయన" అన్నాను. నాయన ఫక్కున నవ్వాడు. "మాట వచ్చు సామీ. బిడ్డతో పదినాళ్ళు మాటాడలేదు, అంతే."

ఇంటికి నడుస్తూ అన్నాడు, "నీ మాట ఆయమ్మ మొగంలో నిలిచింది కదా, చూసినాను." మరి కాస్త దూరం పోయాక, "చోటు రామాయికి అడిగి చూద్దాం. లేదంటే లేదంటారు. అడగనిదే ఎట్ట?" అన్నాడు. ఇస్తారో లేదో తెలియదక్కా, ఆశ మరీ పెంచుకోవద్దు. కానీ అడిగేది నాయన కాదట, నేనట. "కిటికీల పని నీదే కదా" అంటున్నాడు. రేపు పొద్దున షిఫ్టుకు పిలిచే మొదటి సంగు ఊదకముందే, హాజరు రాసే మిల్లు టైం ఆఫీసుకు వెళతాం. ఈసారి కిటికీకి బయటి వైపు నిలబడి, నీ పేరు చెప్పి, జవాబు వచ్చేదాకా కదలను.

నీ
రాసాత్తి