ఊగే దీవి, ఊగని మంచం

సెప్టెంబరు 9

ఫెర్న్‌హోమ్ టౌన్‌షిప్ గుమాస్తా కుమారి అల్మా హెగ్లండ్ గారికి,

రాష్ట్ర పటాల కచేరీ నుంచి క్లిఫర్డ్ బాష్ రాయునది. మీ లూన్ సరస్సులోని దీవి పాత పటంలో తూర్పు ఒడ్డున ఉంది. మొన్న విమానంలోంచి తీసిన ఫొటోలో పడమటి ఒడ్డున ఉంది. రెండిట్లో ఏది నిజమో తెలుపగలరు. దాని మీద ఎవరైనా కాపురం ఉంటున్నారా అన్నదీ రాయండి. ఏప్రిల్ ఒకటిన జనాభా లెక్క. ఇరవై మందికి తగ్గిన టౌన్‌షిప్‌ను పక్కదాంట్లో కలిపేస్తారని మీకు తెలిసే ఉంటుంది.

ఇట్లు, విధేయుడు
క్లిఫర్డ్ బాష్

సెప్టెంబరు 15

బాష్ గారికి అల్మా నమస్కారాలు.

రెండూ నిజమే. మా దీవి తేలుతుంది. అడుగున మట్టి లేదు, అంతా నాచూ వేళ్ళూ అల్లుకుని దళసరిగా పెరిగింది. పైన చెట్లున్నాయి, టోయివో రాంటా గారి గుడిసె ఉంది, పక్కనే ఆయన ఆవిరిస్నానం గది. గాలి ఎటు తోస్తే అటు పోతుంది. పొద్దున్నే మంచులో అది కిటికీ ముందునుంచి చప్పుడు లేకుండా సాగిపోతుంటే కాఫీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చుంటాను. టోయివో గారితో కలిపి మేం సరిగ్గా ఇరవై మందిమి. ఆయన్ని కాస్త జాగ్రత్తగా రాసుకోండి.

ఇట్లు, అల్మా హెగ్లండ్

తా.క. ఉత్తరం మొదలుపెట్టినప్పుడు దీవి చర్చి ఎదురుగా ఉంది. ఇప్పుడు చర్చి దాటిపోయింది.

సెప్టెంబరు 24

కుమారి అల్మా గారికి,

మీ జవాబు మా పై అధికారికి చూపించాను. అనుమతి లేకుండా భూమిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడం నేరమట. తరలిస్తున్నవారి పేరు వెంటనే తెలుపండి. పటం గీయడం పూర్తయ్యేదాకా దీవిని ఉన్నచోటే ఉంచండి.

ఇట్లు, క్లిఫర్డ్ బాష్

తా.క. ఆ రాంటా గారిని ఒడ్డు మీదికి మార్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా.

అక్టోబరు 6

బాష్ గారూ,

తరలిస్తున్నది గాలి. నోటీసు దానికే పంపించుకోండి. ఉన్నచోటే ఉంచమన్నారని తాడుతో ఒడ్డున చెట్టుకి కట్టాం. ఇప్పుడు చెట్టు కూడా దీవితో పోయింది.

దీవి సరస్సు మధ్యలో హద్దు దాటిందంటే టోయివో గారు పక్కనున్న బ్రాటన్ టౌన్‌షిప్ మనిషైపోతారు. అందుకే నీళ్ళు గడ్డకట్టే ముందు మా ఊరి పడవలన్నీ ముక్కులు ఆనించి దీవిని మావైపుకి నెడతాం. మా తాతల నాటినుంచీ ఇదే పద్ధతి. బ్రాటన్‌వాళ్ళు అవతలనుంచి నెడతారు. అక్కడి గుమాస్తా మా చెల్లెలు బర్దానే. రాక్షసి.

ఒడ్డు మీదికి రమ్మని ఆయన్ని నేనూ బతిమాలాను. నేల ఊగదు, నాకు నిద్రపట్టదు అన్నాడు.

ఇట్లు, అల్మా

తా.క. బర్దా ఆయనకి బ్లూబెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపిరొట్టె పంపింది. నేను రెండు పంపాను.

డిసెంబరు 2

అల్మా గారికి,

మా కొలతల మనిషి వచ్చి వెళ్ళాడు కదా. సరస్సు గడ్డకట్టిందనీ, దీవి సరిగ్గా హద్దు మీదే ఇరుక్కుందనీ చెప్పాడు. గీత గుడిసె మధ్యలోంచి పోతోందట. పొయ్యి బ్రాటన్‌లో, మంచం ఫెర్న్‌హోమ్‌లో. మనిషి ఎక్కడ నిద్రపోతే అక్కడివాడన్నది మా నిబంధన. కాబట్టి మీరు గెలిచినట్టే.

ఇట్లు, క్లిఫర్డ్ బాష్

తా.క. మీ సరస్సు పటం బల్ల మీద పరిచి చూస్తుంటే బల్ల మెల్లగా కదులుతున్నట్టుంది. మా ఆవిడకి చెప్పలేదు.

జనవరి 18

బాష్ బాబూ,

కొంప మునిగింది. టోయివో గారు మంచం మీద పడుకోవట్లేదట. చలికాలం దీవి ఊగదు కదా, అందుకని పొయ్యి పక్కన ఊగే కుర్చీలో నిద్రపోతాడట. ఎన్నో ఏళ్ళుగా ఇంతేనట. పొయ్యి ఉన్నది బ్రాటన్‌లో. ఈ సంగతి కనిపెట్టింది బర్దా, ఊరంతా చాటింది కూడా.

కుర్చీని మంచం దగ్గరికి లాగాం. చలేస్తోందని మళ్ళీ పొయ్యి దగ్గరికే లాక్కున్నాడు. ఊగుతుందని మంచం కాళ్ళకింద గుండ్రటి దుంగలు పెట్టాం. మంచం తలుపుకి గుద్దుకుంది. ఆయన మాత్రం మంచివాడు. మాకే కాఫీ ఇచ్చాడు.

నవ్వకు బాబూ. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఉత్తరం మీదా ఫెర్న్‌హోమ్ అని నా చేత్తో రాశాను. మా అమ్మానాన్నల సమాధుల మీదా ఆ పేరే ఉంది. వచ్చే ఏడు ఆ పేరు పటంలో ఉండదంటే నాకు ఏడుపొస్తోంది.

ఇట్లు, అల్మా

ఫిబ్రవరి 3

అల్మా గారూ,

నాకూ బాధగానే ఉంది. కానీ నిబంధన మార్చడం నా చేతిలో లేదు. ఏప్రిల్ ఒకటికల్లా ఆయన మంచం మీద నిద్రపోవడం అలవాటు చేసుకోవాలి. దానికి చూసినవాళ్ళ సాక్ష్యం కావాలి, విన్నమాట చెల్లదు. మీకు తోచిన ఉపాయమేదో చెయ్యండి.

మీ క్లిఫర్డ్

తా.క. నేనూ ఊగే కుర్చీలో పడుకుని చూశాను. తెల్లవార్లూ నీళ్ళమీద తేలాను. ఆఫీసుకి ఆలస్యమైంది.

ఏప్రిల్ 27

చిరంజీవి క్లిఫర్డ్‌కి,

దీవెనలు. నువ్వు ఉపాయం చెయ్యమన్నావు, చేశాను. రోజూ సాయంత్రం మంచు మీద నడిచివెళ్ళి టోయివో గారికి నచ్చజెప్పేదాన్ని. ఆయన కాఫీ కాచేవాడు. నేను ఫెర్న్‌హోమ్ గురించి మాట్లాడేదాన్ని, ఆయన వినేవాడు. నా మాట అంతసేపు విన్నవాడు నాకు ఈ అరవై ఏళ్ళలో తగల్లేదు. మార్చిలో ఒకరోజు, ఇంత చలిలో రోజూ వెళ్ళి రావడం ఎందుకు అన్నాడు. నిజమే కదా అన్నాను.

ఆ వారమే చర్చిలో పెళ్ళయింది. బర్దా ఏడ్చింది, సంతోషమో ఓడిపోయానన్న ఉక్రోషమో నేను అడగలేదు. టోయివో ఇప్పుడు మంచం మీదే పడుకుంటున్నాడు, హాయిగా నిద్రపోతున్నాడు. నేను గురక పెడుతుంటే అచ్చం దీవి ఊగినట్టే ఉంటుందట. ఇది విన్నమాట కాదు. సాక్షిని నేనే, లెక్కరోజు కూడా పక్కనే ఉన్నాను. ఇరవై మందిమీ ఉన్నాం, రాసుకో.

ఇట్లు,
అల్మా రాంటా, గుమాస్తా, ఫెర్న్‌హోమ్

తా.క. నిన్న మంచు కరిగింది. పొద్దున్నే కాఫీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చుంటే ఒడ్డే మెల్లగా సాగిపోతోంది. ఎంత బావుందో చెప్పలేను. ఎదురుగా బర్దా బట్టలు ఆరేస్తోంది. అంటే ఫెర్న్‌హోమ్ గుమాస్తా ప్రస్తుతం బ్రాటన్‌లో ఉన్నట్టు. మళ్ళీ లెక్క పదేళ్ళకి కదా, ఈలోగా గాలి మారుతుందిలే.